అవయవదానము – శాస్త్రదృష్టి
(ధర్మప్రసంగ పాఠము)



శ్రీకాళహస్తీశ్వరుని దర్శించి వచ్చినవారికి కన్నప్పను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. స్వామి కంట రక్తము కారుట చూచి తన కన్ను పెకలించి అర్పించినాడు. రెండవ కంటిని ఇచ్చుటకును సిద్ధపడినాడు. దధీచి మహర్షి దేవతలు యాచింపగా తన అస్థులనే ఇచ్చినాడు. ఈ కథలను పురాణములలో విని మనము కన్నీరు పెట్టుకొనుచున్నాము. కాని అట్టి దానమునకు అవకాశము మన ఇంటికే వచ్చినపుడు వెనుకాడుచున్నాము. నేడు ఆ సంగతినే మనవి చేయదలచినాను.

మూత్రపిండములో, కాలేయమో, గుండెయో పూర్తిగా చెడి, ఇతరుల అవయవము లభించిననే తప్ప కోలుకొనలేని రోగులు ఎందరో ఉన్నారు. మరియొక వైపు, ప్రమాదములో తలకు దెబ్బ తగిలి మెదడు శాశ్వతముగా నశించినవారు ఉన్నారు. దీనినే వైద్యులు బ్రెయిన్ డెత్ అందురు. నలుగురు వైద్యుల బృందము కనీసము 6 గంటల వ్యవధితో రెండు పర్యాయములు పరీక్షించి నిర్ధారింపవలెను. అవయవముల క్రయవిక్రయములు నేరమని 1994 నాటి చట్టము శాసించుచున్నది.

ఈ ఇరువురిని కలుపుటయే కష్టము. శరీరము నుండి వేరుచేసిన గుండె సుమారు 4 నుండి 6 గంటలు మాత్రమే నిలుచును. ఆలోపున అది ఎవరికి సరిపడునో తెలియవలెను. వారిని శస్త్రచికిత్సకు సిద్ధము చేయవలెను. ఇందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో జీవన్‌దాన్ పథకము ఆరంభమైనది. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను అది నడచుచున్నది. రోగుల పేర్లను ఆసుపత్రులు కంప్యూటరులో నమోదు చేయును. రక్తవర్గము, వ్యాధి తీవ్రత, నమోదైన క్రమము మున్నగువానిని బట్టి కేటాయింపు జరుగును. మనము దర్శనమునకు క్యూలో నిలుచునట్లే అక్కడను ఒక వరుస కలదు. సిఫారసులకు తావీయకుండ ఆ వరుసను కాపాడుటయే ఈ సాంకేతికత చేయు ధర్మకార్యము.

2025 జనవరిలో హైదరాబాదు మెట్రో రైలు ఒక గుండెను ఎల్బీనగర్ నుండి లక్డీకాపూల్‌కు 13 కిలోమీటర్ల దూరము 13 నిమిషములలో చేర్చినది. తిరుపతిలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయములో 2023 జనవరిలో తొలి గుండెమార్పిడి జరిగినది. విశాఖపట్నము నుండి వచ్చిన గుండె ఒక బాలునికి ప్రాణము పోసినది.

ఇక శాస్త్రవిషయము. "కన్నులు తీసినచో మరుజన్మలో గ్రుడ్డివారగుదురు, అవయవలోపము గల దేహమునకు అంత్యేష్టి చెల్లదు" అను భయము పలువురికి కలదు. మన వేదాంతశాస్త్రము ఇంద్రియమునకును గోళకమునకును భేదము చెప్పినది. కనుగ్రుడ్డు గోళకము మాత్రమే. అది స్థూలదేహమునకు చెందినది. చూచు శక్తియైన చక్షురింద్రియము సూక్ష్మశరీరమునకు చెందినది. జీవునితో వెళ్లునది సూక్ష్మశరీరమే కాని గోళకము కాదు. అది ఎట్లును అగ్నికి ఆహుతి కావలసినదే. అట్టిదానిని ఒక అంధునికి ఇచ్చినందువలన జీవునికి లోపమెక్కడ? అవయవములు సేకరించిన పిమ్మట వైద్యులు దేహమునకు కుట్లు వేసి, గౌరవముతో బంధువులకు అప్పగింతురు. సంస్కారములన్నియు యథావిధిగా జరుపుకొనవచ్చును. కన్నప్పకు శివుడు లోపము రానిచ్చెనా?

ప్రతిజ్ఞ చేయుట నేడు సులభము. జాతీయ అవయవ మార్పిడి సంస్థయైన నోటో వారి వెబ్‌సైటులో ఆధార్ ఆధారముగా ఎవరి ఫోను నుండి వారే నమోదు చేసికొనవచ్చును. ఏ అవయవములు ఇత్తురో ఎంచుకొనవచ్చును. జీవన్‌దాన్‌లోను ఆ సౌకర్యము కలదు.

అయితే ఒక మాట గుర్తుంచుకొనుడు. ఫోనులో ప్రతిజ్ఞ చేసినంతమాత్రమున కార్యము నెరవేరదు. ఆ ఘడియలో వైద్యులు అడుగునది మీ కుటుంబమునే. దుఃఖములో మునిగియున్న భార్యకో, కుమారునికో మీ కోరిక ముందుగా తెలియకున్నచో, వారు వద్దనుట సహజము. అపుడు ఆ ప్రతిజ్ఞ నిష్ఫలమగును. కావున నమోదు చేసిన దినముననే ఇంటివారిని కూర్చుండబెట్టుకొని మీ సంకల్పమును వినిపింపుడు. మరణప్రసక్తి అశుభమని దాటవేయకుడు. బ్రెయిన్ డెత్ అరుదుగా సంభవించును. నేత్రదానము మాత్రము ఇంటిలో సహజముగా మరణించినవారును చేయవచ్చును. 6 గంటలలోపున నేత్రములను సేకరింపవలెను గనుక వెంటనే నేత్రనిధికి కబురు చేయవలెను.

మీలో దాతలు ఎందరో కలరు. అన్నదానమునకు, గోసేవకు ఇచ్చు చేతులు ఇవి. ధనము లేనివాడును చేయదగిన దానమిది. ఈ క్షేత్రము నుండి ఇంటికి వెళ్లి, ప్రసాదము పంచు వేళ ఈ మాటయు మీవారికి చెప్పుడు.

సర్వే జనాః సుఖినో భవంతు.