ఇంజన్ విప్పే ముందు

నూర్పిళ్లలో మా పాత ట్రాక్టర్ వేడెక్కి ఆగిపోయింది. ఇంజన్ విప్పాలన్నారు. అప్పు కోసం రెండిళ్లు తిరిగాం. తీరా చూస్తే రేడియేటర్ జాలీ నిండా పొట్టు, దుమ్ము! చల్లారాక ఫ్యాను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాం, వదులైన బెల్టు బిగించాం. వేడి తగ్గింది.

ఇంకో తప్పు మనదే, బోరునీళ్లు పోయడం. వాటి ఉప్పు లోపల పెచ్చు కడుతుంది, నీళ్లు కాచే గిన్నెలో చూడటం లేదూ? కూలెంటే పోద్దాం. వేడి మీద మూత తీయొద్దు, ముఖం కాలుతుంది. కాలిన ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు.

ఇవన్నీ సరిగా ఉన్నా వేడెక్కుతోందా? చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. అప్పుడు విప్పించక తప్పదు. పాత గాస్కెట్ మాత్రం అడిగి తీసుకుని చూద్దాం.