వెన్నులోని మచ్చ

మన మెదడును, వెన్నుపామును కప్పియున్న మూడు పొరలలో నడిమిది సాలెగూడువలె పలుచనిది. ఇది వాచి మచ్చకట్టినచో నరముల మొదళ్ళు ఒకదానికొకటి అతుకుకొనును. కాళ్ళలో మంట, తిమ్మిరి, నడుమునొప్పి కలుగును. పొరలకు సోకిన క్షయ దీనికొక కారణము. మరియొక కారణము, వినుటకు వింతయైనను, వైద్యపరీక్షయే. 1940ల నుండి వెన్ను లోపలిభాగమును ఎక్స్‌రేలో చూచుటకై పాంటోపేక్ అను అయొడిను నూనెను సూదితో ఎక్కించెడివారు. పని కాగానే తోడివేయవలసినదే గాని, తుదిబొట్టు వరకు వచ్చెడిది కాదు. మిగిలినది ఏండ్ల తరబడి నిలిచి కొందరిలో మచ్చకు మూలమైనది. నాటి వైద్యులను మేము తప్పుపట్టజాలము; అంతకు మేలైన దారి వారికి లేదు. నీటిలో కరగు మందులును, 1980లలో ఎమ్.ఆర్.ఐ.యును వచ్చిన పిదప ఆ నూనె మూలబడినది. కట్టిన మచ్చ మాత్రము పోదు. కోసి విడదీయబోయినచో కొత్త మచ్చ కట్టవచ్చును. కనుక నొప్పిని తగ్గించుట, కాళ్ళ బలమును నిలుపుట — నేటికిని ముఖ్యమైన చికిత్స ఇంతియే.