ఒలింపిక్ పతకము నుండి వృత్తి బరిలోనికి: ముష్టియోధుడు జో ఫ్రేజియర్



ఊరిలో ఆటస్థలమునకు భూమి కేటాయించు తీర్మానము వచ్చినపుడు సాధారణముగా రెండు మాటలు వినవచ్చును. పిల్లలు ఆరోగ్యవంతులగుదురని ఒకరందురు. మన పిల్లవాడొకడు పతకము తెచ్చినచో ఊరికి పేరు వచ్చునని మరియొకరందురు. ఆ రెండును సత్యములే. కాని పతకము తెచ్చిన పిల్లవాడు మరునాటి నుండి ఏమి తిని బ్రతుకవలెను, తరువాత వాడు సంపాదించిన ధనమును ఎవరు కనిపెట్టి చూడవలెను అను ప్రశ్నలు మాత్రము అంతగా వినబడవు. ఆ ప్రశ్నలకై మేము నేడు ఒక ముష్టియోధుని చరిత్రను మీ ముందుంచుచున్నాము.

ముష్టియుద్ధము, అనగా బాక్సింగు, మనకు తెలియని క్రీడ కాదు. నిజామాబాదునకు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్ నగరమునను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచెను. ఆమె గెలిచినవి ఔత్సాహికుల పోటీలు. వానిలో రౌండ్లు కొద్ది. ప్రతిఫలము ముఖ్యముగా పతకము, కీర్తి. వృత్తి ముష్టియుద్ధము వేరు. అందు టిక్కెట్లు అమ్మి ప్రదర్శన ఏర్పాటు చేయువాడొకడు, యోధుని వ్యవహారములు నడపువాడొకడు, శిక్షకుడొకడు ఉందురు. వచ్చిన ధనమున అందరికిని పాలుండును. దెబ్బలు తినువాడు మాత్రము ఒక్కడే. మేము చెప్పబోవు యోధుని కాలమున ప్రపంచ బిరుదునకు జరుగు పోటీ పదునైదు రౌండ్లు సాగెడిది.

జో ఫ్రేజియర్ 1944 జనవరి 12వ తేదీన అమెరికాలోని దక్షిణ కరొలైనా రాష్ట్రమున, బ్యూఫోర్ట్ పట్టణ సమీపమున, ఒక నల్లజాతి సేద్యగాని ఇంట జన్మించెను. తలిదండ్రులు రూబిన్, డాలీ. భూమి పదియెకరములు, దున్నుటకు రెండు కంచరగాడిదలు. నేల సారహీనమైనది. తండ్రి ఎడమచేయి తుపాకి గాయము వలన పోయినందున, చిన్నవాడైన జోయే ఆయనకు ఎడమచేయియై పనులలో తోడుండెను. ఒకనాడు పంది తరుమగా పరుగెత్తి, ఇటుకపై పడి, బాలుడు తన ఎడమ మోచేతిని గాయపరచుకొనెను. వైద్యునికిచ్చుటకు డబ్బు లేదు. చేయి తనంతట తానే మానెను గాని, పూర్తిగా చాచుటకు మరల వీలుకాలేదు. ప్రక్కనుండి వంపుగా విసరు ఎడమచేతి దెబ్బను ఆ క్రీడలో ‘లెఫ్ట్ హుక్’ అందురు. ఫ్రేజియర్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన ఆ దెబ్బ ఈ వంగిన చేతినుండి వచ్చినదే.

ఇంటికి టెలివిజను వచ్చిన తరువాత అతడు పోటీలు చూచి ముష్టియుద్ధముపై మోజుపడెను. ఒక గోనెసంచిలో పాతగుడ్డలు, మొక్కజొన్న కండెలు, చెట్లనుండి తీసిన నాచు కుక్కి, నడుమ ఒక ఇటుక పెట్టి, చెట్టుకు వ్రేలాడగట్టి ప్రతిదినము గుద్దుచుండెను. వ్యాయామశాలకు సామగ్రి కొనుటకు నిధులు లేవని తీర్మానములు వాయిదా వేయునపుడు ఈ గోనెసంచిని తలచుకొనవచ్చునని మా మనవి.

అతడు ఊరు విడుచుటకు కారణము క్రీడ కాదు. తాను కూలిపని చేయు క్షేత్రమున తెల్లజాతి యజమాని ఒక నల్ల పిల్లవానిని బెల్టుతో కొట్టుట చూచి, ఆ సంగతిని తోటివారికి చెప్పెను. దానితో పని పోయెను. అచ్చట ఇక ఇమడజాలడని తల్లి గ్రహించెను. 1959లో, పదునైదేండ్ల వయసున, బస్సెక్కి న్యూయార్కు నగరమునకును, పిదప ఫిలడెల్ఫియాకును చేరెను. ఫిలడెల్ఫియాలో అతనికి దొరికినది కబేళాలో పని. అచ్చట కొక్కెములకు వ్రేలాడదీసిన మాంసపు తునకలనే గుద్దుచు సాధన చేసెడివాడు. వ్యాయామశాలకు వెళ్లుట మొదలిడినది సహితము విజేత కావలెనని కాదు, ఒళ్లు తగ్గించుకొనుటకే. ఆ వ్యాయామశాలను నడపినది పోలీసువారి క్రీడాసంఘము. అచ్చట యాంక్ డర్హామ్ అను శిక్షకుడు ఇతని చేతిలోని బలమును గుర్తించెను.

1964 ఒలింపిక్ క్రీడలకు జరిగిన ఎంపిక పోటీలో ఫ్రేజియర్ బస్టర్ మాథిస్ అనువాని చేతిలో ఓడెను. అయితే మాథిస్ చేతికి గాయమగుటచే, బదులు మనిషిగా ఇతనిని టోక్యోకు పంపిరి. సెమీఫైనలులో సోవియట్ యోధుని ఓడించునపుడు ఎడమ బొటనవ్రేలు విరిగెను. చెప్పినచో ఆడనీయరని ఎవరికిని చెప్పక, ఆ చేతితోడనే ఫైనలులో జర్మనీకి చెందిన హాన్స్ హుబర్‌తో తలపడి, అయిదుగురు న్యాయనిర్ణేతలలో ముగ్గురి తీర్పుతో స్వర్ణపతకము గెలిచెను. ఆ ఏడు టోక్యోలో ముష్టియుద్ధమున అమెరికాకు లభించిన స్వర్ణము అది ఒక్కటియే.

స్వర్ణపతకముతో ఇంటికి వచ్చిన వానికి పని లేదు. వ్రేలికి శస్త్రచికిత్స కావలసియుండెను. కబేళాలో కత్తి పట్టుటకు చేయి రాదు. భార్యాబిడ్డలు కలరు. ఆ క్రిస్మసు పండుగకు ఇంటిలో ఏమియు లేదని స్థానిక పత్రిక వ్రాయగా, చదివినవారు కానుకలు తెచ్చి ఇచ్చిరి. ఒలింపిక్ విజేత ఇరుగుపొరుగు దయపై పండుగ గడపుకొనెనన్నమాట.

1965 ఆగస్టులో ఫ్రేజియర్ వృత్తి బరిలో దిగి తొలి పోటీని తొలి రౌండులోనే ముగించెను. కాని శిక్షణకు, కుటుంబపోషణకు పెట్టుబడి ఏది? అప్పుడు ఫిలడెల్ఫియా వాసులు కొందరు చేసిన ఏర్పాటు మన సహకార సంఘములవారు విని ఆనందింపదగినది. వాటా ఒక్కింటికి 250 డాలర్ల చొప్పున 80 వాటాలు అమ్మి, 20 వేల డాలర్ల మూలధనముతో ‘క్లోవర్‌లే’ అను సంస్థను స్థాపించిరి. సంస్థ ఫ్రేజియర్‌కు వారమునకు నూరు డాలర్లు జీతమిచ్చెను. పోటీలలో వచ్చిన దానిలో సగము అతనిది. మిగిలినది సంస్థకును డర్హామునకును చెందెను. లెక్కలు చూచుటకు, పత్రములు చదువుటకు వాటాదారులలో వ్యాపారులు, న్యాయవాదులు ఉండిరి. ఇది దానధర్మము కాదు, లాభాపేక్షతో చేసినదే. ఆ వాటాల విలువ అనేక రెట్లు పెరిగెను. అయినను వారమువారము ఇంటికి జీతము చేరుట వలన యోధుడు ఆకలికి తాళలేక తొందరపడి పెద్ద పోటీలకు పోవలసిన అవసరము లేకపోయెను. మా అభిప్రాయమున అతని జీవితమున ధన విషయమై జరిగిన మంచి పని ఇదియే.

అప్పటి ప్రపంచ విజేత మహమ్మదాలీ, 1960 రోము ఒలింపిక్ క్రీడలలో స్వర్ణము పొందినవాడు. వియత్నాం యుద్ధకాలమున సైన్యమున చేరుటకు నిరాకరించినందున 1967లో అతని బిరుదును లాగుకొనిరి. ఖాళీ అయిన స్థానమును 1970 ఫిబ్రవరిలో జిమ్మీ ఎల్లిస్‌ను ఓడించి ఫ్రేజియర్ నిర్వివాదముగా పొందెను. ఆలీకి మరల ఆడుటకు అనుమతి రావలెనని కోరినవారిలో ఫ్రేజియర్ ఒకడు. అనుమతి వచ్చిన పిమ్మట ఆలీ ఇతనిని తెల్లవారి మనిషియని, గొరిల్లాయని బహిరంగముగా ఎగతాళి చేసెను. ఆలీ గొప్ప యోధుడే, నైతిక ధైర్యము కలవాడే. కాని ఈ మాటలు అన్యాయమైనవి. ఫ్రేజియర్ వానిని ఏండ్ల తరబడి మరువలేదు.

1971 మార్చి 8వ తేదీన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఇద్దరును కలియబడిరి. ఒక్కొక్కరికి 25 లక్షల డాలర్లు. పదునైదవ రౌండులో ఆ ఎడమచేతి దెబ్బకు ఆలీ నేలకూలెను. లేచి నిలిచెను గాని, తీర్పు ఫ్రేజియర్‌కే దక్కెను. గెలిచినవాడు సహితము ఆసుపత్రి పాలయ్యెను. తరువాత అతడు తన జిల్లాలో తల్లికై విశాలమైన భూమి కొనెను. పనినుండి తరిమివేసిన ఆ రాష్ట్రమే ఏప్రిలులో అతనిని తన శాసనసభలో ప్రసంగింపుమని ఆహ్వానించెను. బానిసత్వము రద్దయిన పిమ్మటి పునర్నిర్మాణ కాలము తరువాత ఆ సభలో మాటలాడిన మొదటి నల్లజాతివాడు అతడే.

ఆలీపై గెలుపు తరువాత బిరుదు రెండేండ్లు కూడ నిలువలేదు. 1973 జనవరిలో కింగ్‌స్టన్ నగరమున, 1968 ఒలింపిక్ విజేతయైన జార్జి ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఇతనిని ఆరుసార్లు పడగొట్టెను. ఆ ఏడే డర్హామ్ మరణించెను. 1975 అక్టోబరు 1వ తేదీన మనీలాలో ఆలీతో మూడవ పోటీ జరిగెను. ఎడమకంటి చూపు మందగించిన సంగతిని ఏండ్ల తరబడి దాచితినని ఫ్రేజియర్ తరువాత తానే చెప్పుకొనెను. ఆనాడు దెబ్బలకు కుడికన్ను సైతము మూతపడెను. పదునాలుగు రౌండ్లు ముగిసినవి. బరిలో యోధులు మరణించుట లోగడ చూచిన శిక్షకుడు ఎడ్డీ ఫచ్, ఫ్రేజియర్ ఎంత వేడుకొన్నను వినక, పదునైదవ రౌండునకు పంపలేదు. పోటీ పోయినది, మనిషి దక్కినాడు. 1976లో ఫ్రేజియర్ విరమించి, 1981లో ఒక్కసారి మరల దిగెను. మొత్తము 37 పోటీలలో 32 గెలిచి, 4 ఓడి, ఒకటి సమము చేసెను. ఆ నాలుగు ఓటములును ఆలీ, ఫోర్‌మన్‌ల చేతిలోనివే.

ఇక ధనము మాట. 1973లో అతడు పెన్సిల్వేనియాలోని బక్స్ జిల్లాలో 140 ఎకరములను 8 లక్షల 43 వేల డాలర్లకు కొనెను. అయిదేండ్లకు ఆ భూమి 18 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. సొమ్ము ఏటేట ఒక ట్రస్టు ద్వారా చెల్లింపవలెనని ఏర్పాటు. ట్రస్టు మూతపడగా చెల్లింపులు ఆగెను. అమ్మకము సంగతియే తనకు తెలియదని, దస్తావేజులపై చేవ్రాలు తనది కాదని ఫ్రేజియర్ న్యాయస్థానమునకు పోయెను. ఆ భూమి ఇండ్లస్థలములై, పదికోట్ల డాలర్ల విలువ చేయుచున్నదని 2006లో న్యూయార్కు టైమ్సు పత్రిక వ్రాసెను. అప్పటికి అతడు ఫిలడెల్ఫియాలో తన వ్యాయామశాలపై గదిలో నివసించుచుండెను. వాటాదారుల కాలమున ప్రతి కాగితమును చదువువారు పదిమంది యుండిరి. ఈ కాగితముల కాలమునకు ఆ పదిమంది లేరు. భూమి తగవులు మీ యెదుటకు తరచు వచ్చుచుండును గనుక దీనిని ఇంతకంటె వివరింప పనిలేదు.

ఆ వ్యాయామశాలలో అతడు పేటలోని యువకులకు ఏండ్లకొలది శిక్షణనిచ్చెను. 2008లో అది మూతపడెను. 2011 నవంబరు 7వ తేదీన కాలేయపు పుట్టకురుపు వ్యాధితో ఫ్రేజియర్ మరణించెను. మాంసపు తునకలను గుద్దు సాధన 1976లో ‘రాకీ’ అను చలనచిత్రమునకెక్కి, ఆ కల్పిత యోధునికి ఫిలడెల్ఫియాలో విగ్రహము ఏనాడో వెలసెను. నిజమైన యోధుని విగ్రహము వెలసినది 2015లో. వ్యాయామశాల భవనము 2013లో జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేరెను. మూతపడిన తరువాత దాని క్రింది అంతస్తులో కుర్చీలు, మంచములు అమ్ము అంగడి వెలసెను.