మారిషస్‌లో ఉగాది, మన తిరుత్తణిలో ఉగాది



పంచాంగశ్రవణం అయిన తరువాత మాట్లాడేవారికి ఒక కష్టం వున్నది. వినేవారి మనస్సు అప్పటికే బొబ్బట్ల మీదికి పోయి వుంటుంది. అందుచేత క్లుప్తంగా ఒక దేశాన్ని గూర్చి చెప్పుకుందాము. ఆఫ్రికా దేశాలలో చేరిన మారిషస్ ద్వీపంలో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. తమిళనాడులో మనకూ సెలవే గదా, యిందులో వింతేమి అనవచ్చును. వింత వేరేచోట వున్నది.

1835లో అక్కడ బానిసత్వం రద్దయినది. చెరకుతోటల దొరలకు పనివాళ్ళు కావలసి వచ్చినారు. అంతకు ముందటి యేటినుంచే మన దేశపు కూలీలను ఒడంబడిక వ్రాయించుకుని ఓడలలో తీసుకుపోయినారు. మనవారు గోదావరి మొగనున్న కోరంగి రేవునుంచి, విశాఖపట్నం వైపునుంచి పోయినారు. పోర్ట్ లూయీ రేవులో కూలీలు దిగిన చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు. దానిని 2006లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినారు.

ఆ దేశపు భాషల తీరు చిత్రమైనది. శాసనసభలో ఇంగ్లీషు, పత్రికలలో ఎక్కువగా ఫ్రెంచి, ఇంట్లోనూ బజారులోనూ క్రియోల్. కరెన్సీనోటు మీద తమిళ అక్షరాలు వున్నవి, తెలుగు లేదు. (ఇది విని మన తమిళమిత్రులు మీసం దువ్వవచ్చును!) తెలుగు కుటుంబాలలో సైతం చాలాచోట్ల పిల్లవాడు అన్నం అడిగేది క్రియోల్‌లోనే. అయినను వాడు ప్రభుత్వ పాఠశాలలో తెలుగును ఐచ్ఛికంగా చదువుకోవచ్చును. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో తెలుగుశాఖ వున్నది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగినవి. రామభజనలు, సింహాద్రి అప్పన్న పూజ నేటికీ చేస్తున్నారు. వంటింట్లో పోయిన భాషను బడిలోనూ గుడిలోనూ నిలుపుకున్నారన్నమాట.

మన సంగతి సరిగా తలకిందులు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరుజిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చినది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రకు పోయినవి. మనలో కొందరు ఉద్యోగానికో వ్యాపారానికో వలస వచ్చినవారు. కొందరు కూర్చున్న అరుగు దిగకుండానే పరరాష్ట్రవాసులయినారు! పళ్ళిపట్టు వైపు నేటికీ తెలుగులో బేరం సాగుతుంది. కాని ఆ బేరమాడే పిల్ల చేతికి తెలుగు శుభలేఖ యిస్తే చదవలేక దిక్కులు చూస్తుంది. 2006 చట్టం వచ్చిన తరువాత బడిలో తమిళం ఒకటవ తరగతినుంచి తప్పనిసరి. తమిళం రావలసినదే, యీ నేల అన్నం తింటున్నాము. దాని పక్కన తెలుగుకు వారానికి నాలుగు గంటలు దొరకకపోవటమే మన చిక్కు.

ఈ చిక్కును తలచుకున్నప్పుడల్లా ఆ ద్వీపపు పక్షుల కథ ఒకటి మాకు గుర్తుకు వస్తుంది. డచ్చివారు 1598లో అక్కడ దిగిన తరువాత నూరేండ్లు తిరగకుండానే డోడో పక్షి నశించినది. అక్కడి చిన్నడేగకూ అదే గతి పట్టబోయినది. అడవులు కొట్టివేసినారు, డీడీటీ చల్లినారు. 1974 నాటికి అడవిలో కనిపించినవి నాలుగే నాలుగు. 1979లో అక్కడికి వెళ్ళిన కార్ల్ జోన్స్ అనే వేల్సు దేశీయుడు, ఆయన తోటివారు ఏమి చేసినారంటే, గూటిలో మొదట పెట్టిన గుడ్లను తీసి వెచ్చని పెట్టెలో పొదిగించినారు. గూడు ఖాళీ అయిన తల్లి మళ్ళీ గుడ్లు పెట్టినది. ఒకే యేట రెండు విడతలు దక్కినవి! ఆ పిల్లలను సాకి అడవికి వదిలినారు. నేడవి వందలలో వున్నవి.

మన పిల్లలకు తల్లి ఒడిలో వచ్చిన మాట మొదటి విడత. రెండవది అక్షరం, అది తల్లి ఒక్కతెవల్ల అయ్యే పని కాదు. వేసవి సెలవులలో తెలుగు వ్రాత నేర్పటానికి మేము నలుగురము ఒప్పుకున్నాము. తిరుత్తణిలో శనివారం సాయంత్రం, తిరువళ్ళూరులో ఆదివారం ఉదయం. పలకలు మేమే తెస్తాము. తమిళుల పిల్లలు వచ్చినా కూర్చోబెడతాము. అక్షరాలు రాని పెద్దలకు కూడా చోటున్నది. పేర్లు యీ పూటే వ్రాయించవలెను.