మధ్యాహ్నం ఒంటిగంట కచేరీ

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మ్యూజియం అనగానే మనకేం గుర్తొస్తుంది చెప్పండి? ఊరినుంచి చుట్టాలొచ్చినప్పుడో, సెలవుల్లో పిల్లలు పేచీ పెట్టినప్పుడో ఒకసారి తీసుకెళ్లి చూపించవలసిన చోటు. గాజు అద్దాలూ, ముట్టుకోరాదన్న బోర్డులూ, చివరికి కాళ్లనొప్పులూ! అలాంటిచోట కచేరీలూ ఉపన్యాసాలూ కూడా జరుగుతాయంటే, అవేవో పెద్దవాళ్ల వ్యవహారాలు, మనకెందుకులే అనుకుంటాం. అందుకే ఇవాళ లండన్‌లోని ఒక చిత్రశాల సంగతి మీతో ముచ్చటించాలనుకుంటున్నాను.

దాని పేరు నేషనల్ గ్యాలరీ. ట్రఫాల్గర్ స్క్వేర్ అనే పెద్ద కూడలిలో ఉంది. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. బాంబులు పడతాయన్న భయంతో అంతకుముందే అక్కడి చిత్రాలను ఊరు దాటించి వేల్స్ ప్రాంతానికి తరలించేశారు. సినిమాహాళ్లూ, నాటకశాలలూ, సంగీతశాలలూ మూయించారు. చీకటి పడితే వీధిలో దీపం వెలగకూడదు. అంత పెద్ద గ్యాలరీలో బోసిగోడలు మాత్రం మిగిలాయి.

అప్పుడు మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలికి ఒక ఆలోచన వచ్చింది. అప్పటికి ఆవిడకు నలభై తొమ్మిదేళ్లు. గ్యాలరీ డైరెక్టరు కెన్నెత్ క్లార్క్ దగ్గరికి వెళ్లి, ఇక్కడ అప్పుడప్పుడూ ఒక కచేరీ పెట్టుకోవచ్చా అని అడిగారు. అప్పుడప్పుడూ ఎందుకు, రోజూ పెట్టండి అన్నారాయన. 1939 అక్టోబరు 10న మొదటి కచేరీ. ఎలా ఉంటుందో ఏమో, ముందు నేనే వాయిస్తానని ఆవిడే కూర్చున్నారు. ఏ నలభైమందో యాభైమందో వస్తారనుకుంటే, బయట బారులు తీరి వెయ్యిమంది దాకా వచ్చారు! కుర్చీలు చాలక నేలమీద చతికిలబడి విన్నారు.

ఇక్కడ ఒక విశేషం. మైరా హెస్ యూదుల ఇంట పుట్టిన మనిషి. యుద్ధమేమో జర్మనీతో. అయినా ఆ మొదటిరోజునే ఆవిడ బాఖ్‌ను, బీథోవెన్‌ను వాయించారు. ఇద్దరూ జర్మనులే! యుద్ధం చేసేది ప్రభుత్వాలు గానీ పాట కాదని ఉపన్యాసమిచ్చి చెప్పనక్కర్లేకపోయింది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా, మధ్యాహ్నం ఒంటిగంటకు కచేరీ. టిక్కెట్టు ఒక షిల్లింగు, అంటే పౌనులో ఇరవయ్యో వంతు. బాంబులు ఎక్కువగా పడ్డ 1940, 41 సంవత్సరాల్లో నెలల తరబడి నేలమాళిగలో జరిగాయి. ఒకసారి గ్యాలరీలో పేలని బాంబు ఉందని తెలిస్తే, ఆరోజుకు దగ్గర్లోని మరో భవనంలోకి మార్చారే గాని మానలేదు. ఇలా 1946 ఏప్రిల్ 10 దాకా, ఆరున్నరేళ్లలో 1,698 కచేరీలు జరిగాయి. విన్నవాళ్ల లెక్క 8,24,152. వచ్చిన లాభం కష్టాల్లో ఉన్న సంగీత కళాకారుల సహాయనిధికి వెళ్లింది. మైరా హెస్ తాను వాయించినందుకు ఏమీ పుచ్చుకోలేదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే, దాని వెనక ఉన్న గృహిణి బుద్ధి. సాయంత్రం చీకట్లో జనం రాలేరు కనుక మధ్యాహ్నం పెట్టారు. చేతిలో డబ్బాడదు కనుక ధర తగ్గించారు. ఆఫీసువాళ్లు భోజనం వేళ వస్తారు, ఆకలితో ఏం వింటారని అక్కడే ఒక క్యాంటీను నడిపారు. వెన్నా, పంచదారా రేషన్లో దొరికే రోజుల్లో, ఇంటిపనులున్న ఆడవాళ్లే జీతం బత్తెం లేకుండా వచ్చి శాండ్‌విచ్‌లు చేసి అమ్మారు. తేనె, ఎండుద్రాక్ష పెట్టిన వాటికి మంచి పేరు కూడా వచ్చింది. కచేరీ నిలబడటంలో ఆ వంటచేతుల వంతు తక్కువేమీ కాదు.

పాట రుచి తగిలాక జనానికి బొమ్మల మీదికి మనసు పోయింది. దాంతో 1942లో నెలకొక్క చిత్రాన్ని వెనక్కి తెప్పించి గోడకు తగిలించడం మొదలుపెట్టారు. ఆ వరసలో మొదటిది ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసింది. నెలంతా ఒకే బొమ్మ! వందల బొమ్మల ముందునుంచి పరుగులు తీయడం కంటే, ఒక్కదాని ముందు పది నిమిషాలు నిలబడటంలో ఉన్న సుఖం వాళ్లకు అలా తెలిసింది.

మన హైదరాబాదులోనే చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ సంగీత గడియారం గంట కొట్టే వేళకు ఎంతమంది ముందుగా వచ్చి కూర్చుంటారో! చిన్న బొమ్మమనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. అంతే. దానికోసం ముసలివాళ్లూ, పిల్లలూ ఊపిరి బిగబట్టి చూస్తారు. మ్యూజియంలో కూర్చుని వినడానికి మన జనం సిద్ధంగానే ఉన్నారన్నమాట. కూర్చోబెట్టేవాళ్లు కావాలి, వేళ కుదరాలి.

ఆ వేళ దగ్గరే వస్తుంది చిక్కు. మన ఊళ్లలో కళ గురించి ఉపన్యాసమైనా, కచేరీ అయినా సాయంత్రం ఆరింటికో ఆరున్నరకో ఉంటుంది. సరిగ్గా అప్పుడే పిల్లల చదువులు, ఆఫీసునుంచి వచ్చినవాళ్లకు కాఫీలు, పొయ్యి మీద రాత్రి వంట. మనకు తెరిపి దొరికేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా. ఆ కాస్త వేళా బియ్యం ఏరుకోవడానికీ, ఉతికిన బట్టలు మడతపెట్టడానికీ సరిపోతుంది. మనకు తీరిక లేదనడం అబద్ధం కాదు. కాని మన తీరికవేళ ఎవరి లెక్కలోనూ లేదన్నది కూడా నిజమే.

కనుక నేను చెప్పేది ఇంతే. మీ ఊళ్లో మ్యూజియంగాని, చిత్రశాలగాని ఉంటే, నలుగురు స్నేహితురాళ్లు కలిసి ఒక ఉత్తరం రాయండి. నెలకొక్క మధ్యాహ్నం, ఒక్క గంటసేపు, ఒక్క బొమ్మ గురించి ఎవరైనా మాట్లాడే ఏర్పాటు చేయమనండి. వీలైతే ఒక వీణో, వయొలినో పెట్టమనండి. తీరా పెట్టాక, పచ్చడి జాడీల పని ఉందని మానేయకండి సుమా!

అమ్మాయి పెళ్లి కానీ, అబ్బాయి ఉద్యోగంలో చేరనీ, అప్పుడు చూద్దాంలే అనుకుంటూ మనం ఎన్నో వాయిదా వేస్తాం. ఇల్లు ఉంటుందో కూలుతుందో తెలియని రోజుల్లో కూడా ఆ లండన్ జనం యుద్ధం అయ్యాక విందాంలే అనుకోలేదు. షిల్లింగు పట్టుకుని ఒంటిగంటకు వరసలో నిలబడ్డారు.