చెప్పేముందు అడుగుదాం

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, సహోద్యోగులకు, ముఖ్యంగా ఆదివారం వంటపని త్వరగా ముగించుకుని వచ్చిన కుటుంబ సభ్యులకు కృతజ్ఞతలు.

ముందుగా ఒక ప్రశ్న. రైల్లో వెళ్తుంటాం. ఎదురు సీటులో ఆవిడ "మీవారు ఏం చేస్తుంటారు?" అంటారు. "బ్యాంకులో" అంటాం. అంతే! ఆవిడ టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, "అయితే ఒక్క మాట అడగనా?" అంటారు. ఈ అనుభవం లేనివాళ్ళు చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

జీతం ఒకరికే వచ్చినా సలహాలు చెప్పే ఉద్యోగం ఇంటిల్లిపాదికీ ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివారు కూడా మన మాట నమ్ముతారు. ఆ నమ్మకం ఎంత బరువైనదో నాకు పల్సానాలో తెలిసింది. అదే ఈరోజు చెబుతాను.

ప్రమోషన్ మీద నన్ను గుజరాత్ వేశారు. పల్సానా సూరత్ జిల్లాలో తాలూకా కేంద్రం. ముంబయి, అహ్మదాబాద్‌ల మధ్య నడిచే 48వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ధూలే వైపు వెళ్ళే 53వ నంబరు రహదారి కలిసేదీ అక్కడే. రాత్రీ పగలూ లారీల హోరు. చుట్టుపక్కల కడోదరా, జోల్వా వైపు నేత షెడ్లు, అద్దకం మిల్లులు, ప్రింటింగ్ మిల్లులు. గుజరాతీ రాదు, ఎలా నెగ్గుకొస్తానా అనుకుంటూ వెళ్ళాను. మూడో రోజే కౌంటర్ అవతలి నుంచి, "సార్, మీది మన దిక్కేనా?" అని ఒక గొంతు వినిపించింది.

కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు సూరత్‌కు తరాలుగా వలస వస్తున్నాయి. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు కదా, అక్కడి గుజరాతీలోనూ సంచా అనే అంటారు. మగ్గాలు నడిచే షెడ్డును 'ఖాతా' అంటారు. మొదటి వారంలోనే ఒకతను వచ్చి, "సార్, పదేండ్ల సంది ఖాతాల పని చేస్తున్న, నాకు ఖాతా లేదు" అంటే, నాకు అర్థం కావడానికి పక్క కౌంటర్ అమ్మాయి సాయం కావలసివచ్చింది.

తెలుగు సార్ వచ్చాడని తెలిసింది. మా శాఖలో ఖాతా లేనివాళ్ళు కూడా వచ్చేవారు. బ్యాంకు పనే కానక్కర్లేదు. ఆధార్‌లో పేరు తప్పు, ఊళ్ళో పింఛను, గుజరాతీలో వచ్చిన కరెంటు బిల్లు, పిల్లవాడి టీసీ. నాకూ కొంచెం గర్వంగానే ఉండేది. అడిగిందే తడవుగా చెప్పేసేవాణ్ణి.

ఒకరోజు టీ బండి దగ్గర ఒక పెద్దాయన, "సార్, మా రేషన్ కార్డు ఊర్ల ఉంది. గీడ బియ్యం ఇస్తరా?" అని అడిగాడు. "ఎందుకివ్వరు? ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు వచ్చింది కదా! ఏ దుకాణానికైనా వెళ్ళి వేలిముద్ర వెయ్యి తాతా" అన్నాను. టీ చల్లారేలోగా సలహా ముగించాను.

ఆయనది రాత్రి షిఫ్టు. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి, పొద్దున నిద్రపోకుండా సస్తా అనాజ్ దుకాణం ముందు వరుసలో నిలబడ్డాడు. మిషన్ ఒప్పుకోలేదు. వేలు అరిగిపోయిందేమోనని మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ కాదన్నారు. మూడో రోజు బ్యాంకుకు వచ్చాడు. తిట్టలేదు. "మీరు చెప్పిండ్రని పోయిన సార్" అన్నాడు, అంతే.

అప్పుడు కనుక్కున్నాను. ఈ పద్ధతి 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఒకవైపు, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ఇంకోవైపు మొదలై, 2022 నాటికి దేశమంతటికీ వచ్చింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అది 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే కార్డులకే. తెలంగాణ ప్రభుత్వం తన ఖర్చుతో అదనంగా ఇచ్చిన కార్డులు కూడా ఉన్నాయి, అవి రాష్ట్రం దాటితే పనిచేయవు. ఆయనది అలాంటి కార్డు. నేను "కార్డు ఏది తాతా, చూపించు" అని అడిగి ఉంటే, ఆయన రెండు పొద్దులు నిద్ర చెడగొట్టుకునేవాడు కాదు.

ఎంబీఏలో అవసరం తెలుసుకోవడం గురించి నాకు ఒక పేపరు ఉండేది, మంచి మార్కులే వచ్చాయి. పాఠం మాత్రం ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఆరోజు నుంచి ఎవరేమడిగినా ముందు నేను మూడు అడుగుతాను. కాగితం ఏదైనా ఉందా? ఇంతకుముందు ఎవరినైనా అడిగారా, వాళ్ళేమన్నారు? ఈ పని ఎవరి పేరు మీద జరగాలి? సగం చిక్కుముడులు మూడో ప్రశ్న దగ్గరే విడిపోతాయి.

దీని విలువ ఇంకో మనిషి విషయంలో తెలిసింది. జగిత్యాల వైపు అతను, ముప్పై అయిదేళ్ళుంటాయి. జూన్ నెలలో పాస్‌బుక్ పట్టుకుని కోపంగా వచ్చాడు. "నా ఇరవై రూపాయలు ఎందుకు కోసిండ్రు సార్?" అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. అంతా విని కూడా, "నాకొద్దు, తీసెయ్యండి" అన్నాడు. తీసేయడం తేలికే. కానీ నా మూడో ప్రశ్న అడిగాను. "నామినీ ఎవరు తమ్ముడూ?" చూస్తే వాళ్ళ నాన్న పేరుంది. ఆయన పోయి నాలుగేళ్ళయిందట. "భార్యకు ఈ సంగతి తెలుసా?" అంటే నవ్వాడు. "ఇరవై రూపాయల ముచ్చట ఇంట్ల చెప్తరా సార్?"

ఆ నవ్వుతో కోపం తగ్గింది. బీమా ఉంచుకున్నాడు, నామినీగా భార్య పేరు రాయించాడు. నేను ఒక చీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాను. ఏ బ్యాంకు, ఏ శాఖ, ఏ బీమా, ఏమైనా జరిగితే ఎవరిని కలవాలి. "దీన్ని ఫోటో తీసి ఇంటికి పంపు" అన్నాను. నా ముందే పంపాడు.

మరుసటి ఫిబ్రవరిలో అతను హైవే దాటుతుండగా ప్రమాదం జరిగింది. నాకు తెలియదు. పల్సానాలో హైవే మీద ప్రమాదం అన్న మాట తరచూ వినేదే. నెల తర్వాత అతని బావమరిది నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ నుంచి దాదాపు ఒక పగలూ రాత్రీ ప్రయాణం చేసి వచ్చి, ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. నా దస్తూరీ! "మా చెల్లె గిది చూపిచ్చింది సార్. ఉన్నదా, లేదా?"

ఉంది. డబ్బు వచ్చింది. కానీ కథ అక్కడితో ముగిస్తే మీకు సగమే చెప్పినట్టు. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు నకళ్ళు కావాలని నా చీటీలో లేదు. దుఃఖంలో ఉన్న మనుషులు వాహనం మాట్లాడుకుని ఊరికి వెళ్ళిపోయారు, కాగితాలు తీసుకోలేదు. వాటి కోసం ఆ అబ్బాయి రెండుసార్లు అంత దూరం తిరిగాడు. ఆ ఒక్క వాక్యం నేను రాసి ఉండాల్సింది. ఆ తర్వాత రాసిన ప్రతి చీటీలో అది ఉంది.

ఇంకో మాట, మన సలహా మన చేతిలో ఆగదు. కార్మికుల వాట్సాప్ గ్రూపులో ఒకరు నా మాటలు రికార్డు చేసి పెట్టారు. అది భివండీ, షోలాపూర్‌లలోని చుట్టాలకు చేరింది. మంచిదే అనుకున్నాను. కానీ అదే గ్రూపులో ఎవరో ఎప్పుడో పెట్టిన పాత సందేశం కూడా తిరుగుతోంది. సురక్షా బీమాకు 12 రూపాయలు, జీవన్ జ్యోతికి 330 అని. 2022 జూన్ 1 నుంచి అవి 20, 436 అయ్యాయి. పాత లెక్క నమ్మి, జీతమంతా ఇంటికి పంపేసి ఖాతాలో 342 రూపాయలే ఉంచితే? మే నెలాఖరులో రెండూ కలిపి 456 కావాలి. చాలకపోతే బీమా ఆగిపోతుంది, ఆగిందని ఇంట్లో తెలియదు. అందుకే ఏది చెప్పినా తేదీ వేసి చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఇక మీ కోసం కొన్ని మాటలు. సాయం చేద్దామనుకుని ఎదుటివారి ఫారంలో మీ ఫోన్ నంబరు వేయకండి. ఒక మెస్ యజమాని పాపం మంచి మనసుతో పదిమంది కుర్రాళ్ళ ఖాతాలకు తన నంబరే ఇచ్చాడు. ఓటీపీలన్నీ ఆయనకే వచ్చేవి. ఒకడి డబ్బు పోతే మిగతా తొమ్మిదిమంది ఆయన్నే అనుమానించారు. ఎవరి కార్డూ పిన్నూ తెలుసుకోకండి, తెలుసుకోకపోవడమే మీకు రక్ష.

మోసపోయామని ఎవరైనా ఫోన్ చేస్తే, "ఎందుకు నొక్కావు?" అని అడగకండి. ఆ మందలింపు రేపు చేసుకోవచ్చు. ముందు 1930కి ఫోన్ చేయించండి, తర్వాత వాళ్ళ బ్యాంకుకు. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలిగితే దొరికే అవకాశం ఉంటుంది. ప్రతి నిమిషమూ విలువైనదే.

ఎక్కడ పెట్టుబడి పెట్టాలని అడిగితే మాత్రం పేర్లు చెప్పకండి. లాభం వస్తే వాళ్ళ తెలివి, నష్టం వస్తే మీ సలహా!

అన్నిటికంటే కష్టమైనది, "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అనడం. బ్యాంకు వాళ్ళింట్లో తెలియకపోవడమేమిటని నామోషీగా ఉంటుంది. రేషన్ దుకాణం ముందు నిలబడ్డ పెద్దాయనను తలుచుకోండి, నోట మాట దానంతటదే వస్తుంది. అయితే కనుక్కుంటానన్నాక నిజంగా కనుక్కోవాలి.

నా బదిలీ అయిన రోజు ఆ పెద్దాయన వచ్చాడు. "పోయేటాయన, ఇంకొక్కటి అడగనా?" అన్నాడు. నేను, "ముందు కాగితం చూపించు తాతా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కాగితం నిజంగానే తెచ్చాడు, ఊళ్ళో పోస్టాఫీసు పాస్‌బుక్. కూర్చోబెట్టి చదివాను.

ఈరోజు ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. మనవాళ్ళ ఖాతాలకు, బీమాలకు నామినీ ఎవరో చూసి, తేదీతో సహా ఒక చీటీ మీద రాసి, ఇంట్లో అందరికీ చూపించండి. పరాయివాళ్ళకు చెప్పేది ముందు మన ఇంట్లో జరగాలి కదా. నా విషయం దాచకుండా చెబుతున్నాను. ఆ జగిత్యాల అతనికి చీటీ రాసిచ్చిన రాత్రి ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడను అడిగితే, నా బీమా కాగితాలు ఎక్కడున్నాయో ఆవిడకూ తెలియదు.