పాడి ఎవరిది, పట్టా ఎవరిది?



2026వ సంవత్సరాన్ని మహిళా రైతుల అంతర్జాతీయ సంవత్సరంగా జరుపవలెనని ఐక్యరాజ్యసమితి 2024లో తీర్మానించినది. ఆ వార్త విన్నప్పుడు మాకు ముందుగా మన భాషే జ్ఞాపకం వచ్చినది. తెలుగులో రైతు అనగానే తలపాగా, ముల్లుకర్ర కండ్లకు కట్టును. ఆయన భార్యను రైతు ఇల్లాలు అంటాముగాని రైతు అనము. కాని అదే భాషలో ‘పాడిపంటలు’ అన్న జంటమాటలో పాడి ముందున్నది, పంట దాని వెనుక ఉన్నది. ముక్త్యాల ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ ఇల్లాలిని గురించి కొన్ని సంగతులు మనవి చేయదలచాము.

ముక్త్యాల కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. వాసిరెడ్డివారి జమీందారీకి నిలయమైన చోటు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు కృష్ణా జిల్లాలో మెట్ట భాగంగా పేరుపడినవి. 2022 నుండి ఎన్‌టీఆర్ జిల్లాలో చేరినవి. ఏరు పక్కనే పారుతున్నా నేల ఎత్తు కావడంచేత పూర్వం ఇక్కడి చేలకు వానచినుకే దిక్కు. నందికొండ వద్ద ఆనకట్ట రావలెనని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్‌గారు చేసిన కృషి ఈ ప్రాంతంవారు మరువలేనిది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచారు. ఎడమ కాలువ ఈ మెట్టలో కొంత భాగానికి నీరు తెచ్చినది.

నీరు వచ్చినచోట పని పెరుగుతుంది. ఆ పెరిగిన పనిలో ఎక్కువ పాలు ఎవరిదో తెలియాలంటే మిరపతోటకు పోయి చూడవలెను. నారు నాటడం, కలుపు తీయడం, వంగి వంగి కాయ కోయడం, కల్లంలో ఆరబోసి తిరగదోయడం, తాలుకాయను ఏరి వేరు చేయడం, ఇవన్నీ చాలవరకు ఆడవారి చేతుల మీదుగా జరిగేవే. ఘాటుకు చేతులు మండుతాయి, కండ్లు ఎర్రబడతాయి. తీరా బస్తాలు గుంటూరు యార్డుకు చేరిన తరువాత కమిషను వ్యాపారి వ్రాసే పట్టీ ఇంటి యజమాని పేర ఉంటుంది. ఇందులో దురుద్దేశం ఉన్నదని మేము అనము. అది అలవాటు. అయితే అలవాటుకూ ఒక వెల ఉన్నది. ఆ వెల చెల్లించేది ఒక్కరే.

పాడి విషయంలో కథ కొంత వేరు. ఇంటి పాడిమీద ఇల్లాలికి అధికారం ఉన్నదని పల్లెలు మొదటినుండీ ఒప్పుకొన్నవి. వెన్న కాచి అమ్మిన నెయ్యి డబ్బులు వంటింటి డబ్బాలో పడేవి. పిల్లవాడి పలకకు, పుట్టింటివారు వస్తే కాఫీకి, చుట్టాలమ్మాయి చీరకు అవే ఆధారం. 1969లో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం ఏర్పడి, ఊరూరా పాలకేంద్రాలు వెలిసిన తరువాత ఆ డబ్బాకు లెక్క వచ్చినది. తెల్లవారకముందే పాలు పితికి, కేంద్రానికి తెచ్చి, కొలిపించి, వెన్న శాతం చూపించుకొని చీటీ తీసుకోవాలి. గేదె పాలలో వెన్న ఆరూ ఏడూ శాతం ఉండవచ్చు. అర శాతం తగ్గితే ధర తగ్గును. జొన్నచొప్ప ఎంత, తవుడు ఎంత, పత్తిచెక్క ధర ఎంత, చూడిగేదె ఎన్ని నెలలు ఒట్టిపోతుంది అన్న లెక్కలు బడికి పోని స్త్రీలు కూడ నోటితో గడగడ చెప్పగలరు. దీనిని వ్యాపారం అనకపోతే మరి దేనిని అనాలో మాకు తోచదు.

ఈ లెక్కలు ఒక ఇంటికి పరిమితం కానవసరం లేదని ముల్కనూరు స్త్రీలు నిరూపించారు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చినది. తరువాత 2002లో, ఆనాటి కరీంనగర్ జిల్లాలో, ముల్కనూరు మహిళా డెయిరీ పని ప్రారంభించినది. సభ్యులు, పాలకవర్గం, అధ్యక్షురాలు అందరూ స్త్రీలే. పాలు పోసేవారే యజమానులు.

ఇక ఊరి పని. దీనికి జీతం లేదు, హాజరుపట్టీ లేదు. ఇల్లు చక్కబెట్టుకొన్న ఆడది ఊరుకూడ చక్కబెట్టగలదని తెలుగు దేశానికి చెప్పినది నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యతా తరగతుల వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండినది. అది చదివిన స్త్రీలు వర్ధినేని రోశమ్మ మొదలైనవారు ముందుండగా సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం 1992లో జిల్లా అంతటా, పిమ్మట రాష్ట్రమంతటా వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం అమలైనది. సారాకు పోని రూపాయిని ఏమి చేయాలన్న ప్రశ్న వెంటనే వచ్చినది. నెల్లూరు జిల్లాలోనే రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టే పొదుపు సంఘాలు పుట్టినవి. నాయకులు ఈ ఉద్యమాన్ని పొగిడినంతగా అర్థం చేసుకోలేదని మా అభిప్రాయం. అది కేవలం తాగుడుమీద కోపం కాదు. ఇంటి ఆదాయం ఎటు పోవాలో చెప్పే హక్కు తమకూ ఉన్నదన్న మాట.

ఆ హక్కు పాలచీటీమీద కనిపిస్తున్నది, పొదుపు పుస్తకంమీద కనిపిస్తున్నది. భూమి పుస్తకంమీద మాత్రం అరుదుగా కనిపిస్తున్నది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో కమతదారులలో స్త్రీలు నూటికి పద్నాలుగుమందే. పంటనష్టపు సొమ్మైనా, బ్యాంకు అప్పైనా ముందుగా అడిగేది పుస్తకంలో పేరు. చట్టం వెనుకబడి ఉన్నదా అంటే అదీ కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త గతిస్తే ఆయన భాగంలో భార్యకు పిల్లలతోపాటు, అత్తగారు జీవించి ఉంటే ఆమెతోపాటు, సమాన వాటా వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు భాగం ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించినది. అప్పటికే పెండ్లి అయినవారికి మాత్రం అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ కుమార్తెల హక్కు వచ్చినది.

చట్టంలో ఉన్న వాటా కచేరీలో ఎందుకు జారిపోతుందో పల్లెలో పెరిగినవారికి తెలియనిది కాదు. “అమ్మకెందుకమ్మా ఈ తిరుగుళ్లు, మేము చూసుకొంటాము గదా” అని కొడుకులు ప్రేమగానే అంటారు. తల్లి వేలిముద్ర వేస్తుంది. మరునాడు మామూలుగానే చేనుకు పోతుంది. పదేండ్ల తరువాత కౌలుకు ఇవ్వాలన్నా, అప్పు తేవాలన్నా, వైద్యానికి అర ఎకరం అమ్మాలన్నా ఆమె మాటకు చెల్లుబాటు ఉండదు.

ఇంటి పెద్ద గతించిన తరువాత ఖాతా మార్పించుకొనే అబ్బాయిలకు ఒక మనవి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత పాసుపుస్తకం సిద్ధం చేసుకొని తహసీలుదారు కచేరీకి బయలుదేరే ఉదయం, పాలకేంద్రంనుండి అమ్మ తిరిగి వచ్చేదాకా ఆగి ఆమెను వెంటబెట్టుకొని పొండి.